నవల మొదలుపెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పల్లెలో జరిగిన ఒక హత్య చుట్టూ నింపాదిగా నడిచే నవల రాయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత పొంగిపోయానో, ఆ రాత్రి అంత బెంగపడ్డాను. ఏళ్ల తరబడి పత్రికలో రాతప్రతులు చదివినవాణ్ణి కనుక రెండింటికీ నాకు కారణాలున్నాయి.

రోజూ రాయాలనీ, రాసింది పైకి చదువుకోవాలనీ నీకు వేరే చెప్పనక్కర్లేదు.

నింపాదిగా నడవడమంటే ఏమీ జరగకపోవడం కాదు. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో హంతకుడెవరన్నది చాలాసార్లు రహస్యమే కాదు. ఆ మాట ముందుగా ఎవరి నోట వస్తుంది, వచ్చాక ఎవరి బాకీ, ఎవరి గట్టు తగాదా బయటపడతాయి అన్నదే పాఠకుణ్ణి కదలనివ్వదు. అందుకే ప్రతి అధ్యాయం ముగిసేసరికి ఏ ఇద్దరి మధ్యనైనా కనీసం పలకరింపు తీరు మారి ఉండాలి. ఎవరి అరుగు మీద కూర్చుంటే ఎవరి గుమ్మం కనిపిస్తుందో ముందే పటం గీసుకో, నీ సాక్షులు అక్కడే దొరుకుతారు.

శవం విషయంలో అశ్రద్ధ చేస్తే మాత్రం ఊరుకోను. ప్రాణం పోయిన 2 నుంచి 4 గంటల్లో దవడ, మెడ బిగుసుకోవడం మొదలై, సుమారు 12 గంటలకు ఒళ్లంతా కొయ్యబారుతుంది. ఎండాకాలంలో ఆ బిగువు త్వరగా వచ్చి త్వరగా సడలిపోతుంది. కాబట్టి నీ వైద్యుడు చావు వేళను నిమిషాలతో సహా చెప్పకూడదు.

నన్ను నిద్రపోనివ్వనిది వేరొకటి ఉంది. నాకు ఆప్తుడైన ఒక రచయిత తన ఊరి నూతిలో తేలిన మనిషి కథను సీరియల్‌గా రాశాడు. మనుషుల పేర్లు, ఊరి పేరు, వృత్తులు అన్నీ మార్చాడు గాని, పడుకోబోయే ముందు తలుపు గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకునే ఒక ముసలాయన అలవాటును మాత్రం వదులుకోలేకపోయాడు. ఆ గడియ దగ్గరే ఊరంతా ఆయన్ని గుర్తుపట్టింది. నవలలో ఆ పాత్ర హంతకుడు. నిజానికి ఆయన మీద ఎవరూ ఏ నేరమూ మోపలేదు. అయినా ఆయన వచ్చి కూర్చుంటే జనం లేచి వెళ్లిపోసాగారు, ఆ ఇంటి కోడలు తెల్లవారకముందే నీళ్లు తెచ్చుకోసాగింది. సవరణ వేయమంటూ ఆయన కొడుకు మా కార్యాలయానికి వచ్చాడు. కల్పిత కథకు ఏమని సవరణ వేయాలో మాకెవరికీ తోచలేదు.

తల్లీ, నీ కన్ను కూడా ముందు అలాంటి అలవాట్ల మీదే పడుతుంది. ఇంటికి వచ్చినవాళ్ల నడకలు అనుకరించి మమ్మల్ని నవ్వించినదానివి. ఆ చూపు ఉన్నందుకే నీ మీద ఇంత నమ్మకం, ఇంత మందలింపు. ఒకరి అలవాటు తీసుకుంటే దానికి మరొకరి వయసు, ఇంకొకరి సంసారం కలుపు. నిజంగా జరిగిన చావును మాత్రం, ఎంత పాతదైనా, ముట్టుకోకు.

మొదటి మూడు అధ్యాయాలు పూర్తికాగానే ఎవరికీ చూపకముందే నాకు పంపు. భాష దిద్దడానికి కాదు, అందులో బతికున్న మనిషి ఎవరైనా కనిపిస్తారేమో వెతకడానికి. ఆలస్యమైనా పరవాలేదు, రాత్రులు మేలుకుని ఆరోగ్యం పాడుచేసుకోకు.

ఇట్లు,
నీ పెదనాన్న