చిలుము పట్టిన పిన్నీసు ఎన్నేళ్ళ నాటిది?

ప్రశ్న: మేం ఇంగ్లాండ్‌లో కోల్‌చెస్టర్ దగ్గర ఉంటామండీ. మా ఆయన వీకెండ్ వస్తే మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరుగుతారు, రైతు పర్మిషన్ తీసుకునే లెండి. పోయిన వారం పెద్ద పిన్నీసు లాంటిది దొరికింది, పచ్చగా చిలుము పట్టి ఉంది, విల్లులా వంపు, చివర చిన్న గుండు, సూది విరిగిపోయింది. చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుందని మా అత్తయ్యగారు అంటున్నారు. తోమొచ్చా? ఎప్పటిదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

జవాబు: తోమొద్దమ్మా, దయచేసి అస్సలు తోమొద్దు. ఇంట్లో రాగి చెంబుకి చింతపండు బాగానే ఉంటుంది గానీ, మట్టిలో వందల ఏళ్ళు ఉన్న కంచుకి ఆ పచ్చటి పొరే ఒంటి మీద చర్మం, దాని మీదున్న గీతలు, అక్షరాలు, ఒక్కోసారి ఆనాటి గుడ్డ పోగుల గుర్తులు కూడా ఆ పొరలోనే ఉంటాయి, పులుపు తగిలితే అన్నీ పోతాయి, మళ్ళీ రావు. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, లోపల క్లోరైడ్లు అనే లవణాలు లోహాన్ని తినేస్తున్నాయన్నమాట, తేమ తగిలేకొద్దీ ముదురుతుంది.

ఇక వయసు సంగతి. పైబట్టకి పెట్టుకునే ఇలాంటి పిన్నీసుని బ్రూచ్ అంటారు. అందరూ ముందు డిజైన్ చూస్తారు, నేనైతే ముందు తల చూడమంటాను, అంటే సూది బయల్దేరే చోటు. అక్కడ స్ప్రింగ్ చుట్లు ఉన్నాయా, లేక తలుపు బందులా సూది కడ్డీ మీద తిరిగేదా? మొత్తం ఒకే లోహపు ముక్కతో చేసి, చుట్లు ఉండి, ఆ స్ప్రింగ్ తీగని పట్టుకోడానికి ముందువైపు చిన్న కొక్కెం ఉంటే దాన్ని మీ ఊరి పేరుతోనే కోల్‌చెస్టర్ రకం అంటారు, క్రీ.శ. 1వ శతాబ్దం మొదటి సగంలోది. అలా కాకుండా తల గొట్టంలా చుట్టి ఉండి, అందులో కడ్డీ, బాగా ఎత్తైన వంపు, చివర గుండు ఉంటే అది ఆసిస్సా రకం, కొన్నిటి తల మీద ఆ పేరే లాటిన్ అక్షరాల్లో ఉంటుంది, చేసినవాడి పేరై ఉంటుందని అంటారు. క్రీ.శ. 43లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ సైన్యం బ్రిటన్ మీద పడ్డప్పుడు సైనికుల పైబట్టలకి తగిలించుకుని ఇవి బాగా వచ్చాయి, 60ల తర్వాత దాదాపు కనపడవు. మీరు చెప్పిన వంపు, గుండు చూస్తే నా మనసు దీనివైపే పోతోంది, కానీ తల ఫొటో చూడకుండా ఖాయంగా చెప్పను. ఇంకో మాట, అందరూ కంచు అంటాం గానీ ఆసిస్సాలు ఎక్కువగా ఇత్తడివే.

మీ ఏరియా ఫైండ్స్ లియేజాన్ ఆఫీసర్‌కి, అంటే ఇలా దొరికిన పాత వస్తువుల్ని చూసి నమోదు చేసే అధికారికి, తప్పకుండా చూపించండి. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ వాళ్ళు ఊరికే చూసిపెట్టి రికార్డు చేస్తారు. విడిగా దొరికిన కంచు బ్రూచ్ మామూలుగా నిధుల గురించిన ట్రెజర్ చట్టం కిందికి రాదు, కానీ దొరికిన చోటు జీపీఎస్‌తో సహా చెప్పండి, ఏ పొలంలో ఏ మూలన దొరికిందో తెలియని బ్రూచ్ చరిత్రకి సగం మూగదే.

ప్రశ్న: ఇలాంటి వాటికి కార్బన్ డేటింగ్ చేయించొచ్చు కదా సార్?

జవాబు: కుదరదు బాబూ. అది ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికే, కట్టె, ఎముక, నార లాంటివి. లోహానికి వేరే దారి, ఏ పొరలో, ఏ నాణేల పక్కన దొరికిందో చూస్తారు. డోర్సెట్‌లో హాడ్ హిల్ అని ఒక కొండకోట ఉంది, రోమన్ సైన్యం 43 తర్వాత అక్కడికొచ్చి కొన్నేళ్ళే ఉండి వెళ్ళిపోయింది, అందుకే అక్కడి సైనికుల బ్రూచ్‌లకి కాలం చాలా ఇరుకుగా తేలుతుంది. ఇటలీలోని పాంపేయి ఊరు క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పేలి బూడిద కింద పడిపోయింది, కాబట్టి ఆ బూడిద కింద ఉన్న వస్తువు 79 తర్వాతది అయ్యే ప్రసక్తే లేదు. ఇలాంటి చోట్ల దొరికినవాటిని వరసగా పేర్చి, మన చేతిలోది ఎక్కడ కూర్చుంటుందో చూడటమే పని. వచ్చేది ఒక్క సంవత్సరం కాదు, ఇరవై ముప్పై ఏళ్ళ కిటికీ. అదీ చేసిన కాలం, అమ్మమ్మ బ్రూచ్‌ని మనవరాలు పెట్టుకుని పారేసుకుని ఉండొచ్చు కదా.

ప్రశ్న: నాకు కళ్ళజోడులా రెండు రింగులున్న బకిల్ దొరికింది, మధ్యలో అడ్డకడ్డీ. రోమన్‌దేనా?

జవాబు: కాదనే అనుకుంటున్నాను. ఆ ఆకారం ఇంగ్లాండ్‌లో 14వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా బాగా వాడింది, పొలాల్లో చాలా దొరుకుతుంది. రోమన్ల చివరి కాలపు బకిల్ అయితే, అంటే 4వ శతాబ్దం చివర, 5వ శతాబ్దం మొదట్లో, ఒకే రింగు ఉండి దాని మీద రెండు డాల్ఫిన్లు ఎదురెదురుగా మొహాలు పెట్టుకుని ఉంటాయి. మీదాన్ని పక్కన స్కేలు పెట్టి, వెనకవైపు కూడా ఫొటో తీసి పంపండి, ముల్లు ఇనుముదా కంచుదా అన్నది కూడా రాయండి.