చౌకగా వచ్చిన టీని సముద్రంలో ఎందుకు పోశారు?

ప్రశ్న: టీ మీద పన్ను పెంచినందుకే 1773లో బోస్టన్ ప్రజలు టీ పెట్టెలను సముద్రంలో పారబోశారని బడిలో చదువుకున్నాం. ఈ మధ్య చదివిన ఒక వ్యాసంలో మాత్రం ఆ ఏడాది చట్టంతో టీ ధర తగ్గిందని ఉంది. ధర తగ్గితే అంత ఆగ్రహం దేనికి? ఆ టీ మన దేశం నుంచి వెళ్ళిందేనా?
— డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: మీరు చదివిన వ్యాసంలోని మాట నిజమే. 1773 నాటి టీ చట్టం కొత్త పన్నేదీ వేయలేదు. తగాదా అంతకు ఎనిమిదేళ్ళ ముందే మొదలైంది. ఫ్రాన్సుతో సాగిన ఏడేళ్ళ యుద్ధం 1763లో ముగిసేనాటికి బ్రిటన్ అప్పు దాదాపు 13 కోట్ల పౌండ్లకు చేరడంతో, అప్పట్లో తన ఏలుబడిలో ఉన్న అమెరికా వలస రాజ్యాల్లో ఉంచిన సైన్యం ఖర్చులో కొంతైనా అక్కడివారే భరించాలని పార్లమెంటు 1765లో స్టాంపు చట్టం చేసి, దస్తావేజులు మొదలుకొని పేకముక్కల వరకు పన్ను వేసింది. తమ ప్రతినిధులు లేని సభకు తమపై పన్ను వేసే హక్కు లేదని వలస రాజ్యాలు ఎదురు తిరిగి బ్రిటిష్ సరుకులను బహిష్కరించగా, మరుసటి ఏడాదే ఆ చట్టం రద్దయింది. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీలపై వేసిన సుంకాలకూ ఇంచుమించు అదే గతి పట్టింది. అయితే 1770లో మిగతావన్నీ ఎత్తివేసినా, టీ మీద పౌను బరువుకు 3 పెన్నీల సుంకాన్ని మాత్రం ఉంచారు. రాబడి కన్నా, పన్ను వేసే హక్కు తమదేనని చాటుకోవడమే అందులో ముఖ్యం.

1773 నాటికి ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగి ఉంది, గిడ్డంగుల్లో టీ పేరుకుపోయింది. కంపెనీని గట్టెక్కించడానికి, అమెరికాకు పంపే టీపై ఇంగ్లండులో కట్టే సుంకాలను వాపసు ఇచ్చి, కంపెనీ ఎంచుకున్న ఏజెంట్ల ద్వారా నేరుగా అమ్ముకోనిచ్చారు. అలా హాలండు నుంచి దొంగచాటుగా దిగుతున్న టీకి పోటీగా కంపెనీ టీ చౌకైంది. ఆ 3 పెన్నీలూ తీసేస్తే గొడవే ఉండదని పార్లమెంటులో కొందరు చెప్పినా ప్రధాని నార్త్ వినలేదు. చౌకకు ఆశపడి ఆ టీ కొంటే పన్నుకు ఒప్పుకున్నట్టే అవుతుందన్నది వలసవాసుల వాదన. పైగా ఆ సుంకం సొమ్ముతో గవర్నర్లకు, న్యాయమూర్తులకు జీతాలిస్తే, వారిపై స్థానిక శాసనసభలకు పట్టు పోతుంది. అలాగని అంతా సిద్ధాంతమే అనుకోనక్కరలేదు. దొంగ సరుకుతో లాభపడుతున్న వర్తకులకూ, ఏజెన్సీ దక్కనివారికీ సొంత కారణాలున్నాయి. బోస్టన్‌లో ఏజెన్సీ దక్కినవారిలో గవర్నర్ హచిన్సన్ కొడుకులే ఉన్నారు!

ఓడ రేవుకు చేరిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే సరుకును అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. డార్ట్‌మత్ అనే ఓడకు ఆ గడువు ముగియబోతున్నా, సుంకం కట్టనిదే దానిని తిరిగి వెళ్ళనివ్వడానికి హచిన్సన్ ఒప్పుకోలేదు. డిసెంబరు 16 రాత్రి కొందరు మోహాక్ అనే అమెరికా ఆదివాసీ తెగవారి వేషాల్లో మూడు ఓడలెక్కి 342 పెట్టెలు పగలగొట్టి టీని పారబోశారు. అది ఆటు సమయం కావడంతో టీ ఓడల పక్కనే గుట్టలు పడింది. మరునాడు తేలుతున్న టీని ఎవరూ ఏరుకోకుండా పడవల్లో వెళ్ళి తెడ్లతో కొట్టి ముంచారు.

ఇక రెండో ప్రశ్న. అది చైనా టీ. అస్సాంలో టీ తోటలు 1830ల తర్వాతి మాట. మనకున్న సంబంధమల్లా కంపెనీతోనే. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొఘల్ చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులపై అది హక్కు సంపాదించింది. ఆసియాలో కంపెనీ సాగించిన దోపిడీ సంగతి అమెరికాకూ చేరింది. పెన్సిల్వేనియా న్యాయవాది జాన్ డికిన్సన్ 1773లో మారుపేరుతో రాసిన లేఖలో దానిని ఎత్తిచూపి, అమెరికన్లను హెచ్చరించాడు.