టెక్ సందేహాలు: బంతి మెల్లగా పడిందా, ఫోన్ లెక్క తప్పిందా?

*మా అబ్బాయి ఆర్కే బీచ్‌లో బంతి పైకి విసిరాడు, నేను ఫోన్‌లో వీడియో తీశాను. పక్కన పాతిన కర్రకి అర మీటరుకొకటి చొప్పున ఎర్ర టేపు చుట్టి ఎత్తు చూసుకున్నాం. స్ప్రెడ్‌షీట్‌లో పెడితే టి² ముందు −4.9 రావాలని వాళ్ల సార్ చెప్పారట. మాకు −0.31 వచ్చింది. ఫోన్ పాడైందంటారా? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక తండ్రి)*

ఈ నెలలో ఈ −0.31 ఉత్తరం నాకు రావడం ఇది నాలుగోసారి. ఫోన్ పాడవలేదండీ. మీరు స్లో మోషన్‌లో తీశారు.

మీరు పంపిన షీట్‌లో ఎత్తు = ఎ × టి² + బి × టి + సి (టి అంటే సెకన్లు) అనుకుని మూడు బిందువులు తీసుకున్నాను. 0 సెకన్ల దగ్గర 1.2 మీటర్లు, 2 దగ్గర 3.48, 4 దగ్గర 3.3. మొదటిది నేరుగా సి = 1.2 అని ఇచ్చేస్తుంది. మిగతా రెంటి నుంచి 4ఎ + 2బి = 2.28, 16ఎ + 4బి = 2.1. మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోదాంట్లోంచి తీసేస్తే 8ఎ = −2.46. అంటే ఎ = −0.3075. మీ అబ్బాయి లెక్కలో తప్పేమీ లేదు.

తప్పంతా గడియారంలో ఉంది. ఫోన్ సెకనుకి 120 ఫ్రేములు తీసి, చూపించేటప్పుడు 30 చొప్పున చూపించింది. ఒక సెకను నాలుగు సెకన్లుగా సాగింది. కాలం 4 రెట్లయితే టి² 16 రెట్లవుతుంది కాబట్టి ఎ 16వ వంతుకి పడిపోతుంది. మీ −0.3075ని 16తో గుణించండి: −4.92. బీచ్ గాలిలో కర్రకి టేపు చుట్టి కొలిచినదానికి ఇంత దగ్గరగా రావడం గొప్పే, అబ్బాయికి నా తరఫున ఒక మురీ మిక్చర్ పొట్లం కొనిపెట్టండి.

మీకు అనుమానం ఎందుకు రాలేదో కూడా చెబుతాను. ఎత్తు సరిగ్గానే వచ్చింది. ఏ గడియారంతో లెక్కేసినా పరావలయం శీర్షం, అంటే ఆ వంపు గీత కొస, 3.7 మీటర్ల దగ్గరే ఉంటుంది. బంతి అక్కడికి చేరడానికి మాత్రం మీ షీట్ ప్రకారం 2.85 సెకన్లు పట్టింది, నిజానికి పట్టింది 0.71. చేత్తో విసిరిన బంతి మూడు సెకన్లపాటు పైకి వెళుతూనే ఉందంటే అది నలభై మీటర్ల ఎత్తు దాటాలి! సమీకరణం చేతికొచ్చాక దాన్ని ఒక్కసారి మామూలు బుద్ధితో తూచి చూసుకుంటే ఇది దొరికిపోయేది.

నా కోపం మాత్రం ఫోన్ మీదే. వెలుతురు తగ్గితే అడక్కుండా ఫ్రేములు తగ్గించే ఫోన్లున్నాయి. స్లో మోషన్ క్లిప్ నడుస్తున్నప్పుడు కింద కనిపించే సెకన్లు సాగదీసినవని ఒక్క ముక్కా రాయరు. ముఖానికి నునుపు అద్దడానికి పన్నెండు మీటలు పెట్టినవాళ్లకి ఈ ఒక్క గీత బరువైందా? ఈసారి మామూలు వీడియోలో, ఎండ ఉన్నప్పుడు తీయండి. ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి అది కూడా ఫ్రేములో పడేలా పెట్టుకోండి. ప్లేయర్ చెప్పే టైమ్ నమ్మక్కర్లేదు.

*ఆర్చి వెడల్పు 40 మీటర్లు, ఎత్తు 10. ఒక యాప్ ఎక్స్(40 − ఎక్స్)/40 అంది, ఇంకోటి 10 − ఎక్స్²/40 అంది. ఏది తప్పు? (గాజువాక)*

రెండూ ఒప్పే. ఒకటి సున్నాని ఆర్చి ఎడమ కాలి దగ్గర పెట్టుకుంది, ఇంకోటి నడిమధ్యన. అంచు నుంచి 5 మీటర్ల దగ్గర మొదటిదాంట్లో ఎక్స్ = 5, రెండోదాంట్లో −15. రెండింట్లోనూ ఎత్తు 4.375 మీటర్లే. సున్నా ఎక్కడ పెట్టారో రాయకుండా సమీకరణం మాత్రం రాస్తే మార్కులు పోతాయి, అది యాప్ తప్పు కాదు.

*మా అమ్మాయి పదో తరగతి. ఫొటో తీస్తే లెక్క చేసిపెట్టే యాప్ అని స్నేహితుల గ్రూపులో వచ్చిన లింకు నుంచి వేసుకుంది. జవాబులు బాగానే ఇస్తోంది గానీ ఫోన్ వేడెక్కుతోంది, చార్జింగ్ ఆగట్లేదు. బ్యాటరీ మార్పించాలా? (గోపాలపట్నం)*

బ్యాటరీ సంగతి తర్వాత. ముందు ఆ ఫోన్‌లో వైఫై, డేటా రెండూ ఆపేయండి. ఆపాకే కింద చదవండి.

ఫొటో తీసి లెక్క చేసే యాప్‌కి కావాల్సింది కెమెరా. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో అది పుచ్చుకున్నవి మూడున్నాయి: ఎస్సెమ్మెస్‌లు చదవడం, ఇతర యాప్‌ల మీద కనిపించడం, యాక్సెసిబిలిటీ. ఈ మూడోది చూపు లేనివాళ్లకి తెర మీదున్నది చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టిన ఏర్పాటు. అది చేతికిస్తే ఆ యాప్ తెర మీది ప్రతి అక్షరం చదవగలదు, మీ బదులు మీటలు నొక్కగలదు. ఎస్సెమ్మెస్ కూడా ఇచ్చారు కాబట్టి ఓటీపీ వచ్చిన క్షణమే దానికీ తెలుస్తుంది. వర్గ సమీకరణం మూలాలు కనుక్కోవడానికి మీ ఓటీపీతో పనేంటి?

యాప్ స్టోర్ బయటి నుంచి వచ్చినవాటికి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోనే అడ్డుపడుతుంది, ఇది రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్ అని చెబుతుంది. మీ అమ్మాయి దాన్ని ఎలా దాటిందని అడిగాను. యాప్‌లోనే చిన్న వీడియో ఉందట, మూడు చుక్కలు నొక్కి అనుమతించమని వేలు పెట్టి చూపించిందట. తాళం ఎలా తీయాలో దొంగే నేర్పాడు, మనం శ్రద్ధగా నేర్చుకున్నాం. పిల్లని తిట్టకండి. రేపు పరీక్ష, రాత్రి పదకొండు, లెక్క తేలట్లేదు. ఆ గంటలో ఎవరైనా నొక్కుతారు. నేను అడిగేది మిమ్మల్ని: యూపీఐ ఉన్న ఫోన్‌నీ పిల్లల హోంవర్క్ ఫోన్‌నీ ఒకటే ఎందుకు చేశారు? ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్‌లో బ్యాంకు సిమ్ లేకుండా వైఫై మాత్రం పెట్టిచ్చినా హోంవర్క్ అవుతుంది కదా.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆ యాప్‌ని ఆపండి. డివైస్ అడ్మిన్ జాబితాలో దాని పేరుంటే అక్కడా తీసేయండి, అప్పుడే అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. మొండికేస్తే ఫోన్ సేఫ్ మోడ్‌లో ఆన్ చేసి తీయండి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి, ఇదే ఫోన్‌లో మారిస్తే కొత్త పిన్ కూడా దానికే చెప్పినట్టు. బ్యాంకుకి ఫోన్ చేయండి. రూపాయి పోయినట్టు కనిపించినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, డబ్బు చేతులు మారేలోపు ఆపాలంటే నిమిషాలే లెక్క. తర్వాత ఫొటోలు, నంబర్లు దాచుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. చార్జింగ్ అప్పటికీ ఆగకపోతే బ్యాటరీ గురించి రాయండి.

*ఆరేళ్ల మా అపార్ట్‌మెంట్ కరెంటు యూనిట్లకి ట్రెండ్‌లైన్ వేశాను. గీత చుక్కల మీదుగా చక్కగా వెళుతోంది. కానీ షీట్ ఇచ్చిన సమీకరణంలో ఎక్స్ = 2020 పెడితే వందల్లో తేడా. సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందా? (మద్దిలపాలెం, డిగ్రీ విద్యార్థి)*

బగ్ కాదు, అంతకంటే చిరాకు పుట్టించేది. గీతని పూర్తి అంకెలతో గీసి, మీకు చూపించే సమీకరణంలో మాత్రం గుణకాలని కుదించేస్తారు. మీ షీట్‌లో ఎక్స్² ముందున్నది నాలుగు దశాంశాలకి కోసేసి ఉంది. ఆ కోతలో 0.00004 పోయిందనుకోండి. 2020 వర్గం 40,80,400. రెంటినీ గుణిస్తే 163. కంటికి కనపడని ముక్క 163 యూనిట్లయి కూర్చుంటుంది.

ఏళ్లని 2018, 2019 అని కాకుండా 0, 1, 2 అని వేసుకోండి. సగం రోగం అక్కడే కుదురుతుంది. లేదా ఆ సమీకరణం మీద నొక్కి దశాంశాలు పది దాకా పెంచుకోండి. గుణకాలు విడివిడి గడుల్లో కావాలంటే లైన్‌ఎస్ట్ (ఎల్ ఐ ఎన్ ఈ ఎస్ టీ) అనే ఫంక్షన్ ఉంది. ఇంకో గోతి కూడా చూసుకోండి: షీట్‌లో =-3^2 కొడితే 9 వస్తుంది, మీ లెక్కల పుస్తకంలో అది −9. బ్రాకెట్లు పెట్టి =-(3^2) అని కొట్టండి. ఏళ్లుగా ఇలాగే ఉంది, ఎవరూ ముట్టుకోరు. మొన్నటి అప్‌డేట్‌లో మూలన మెరుస్తూ సాయం చేయనా అని అడిగే బొమ్మ వచ్చింది, దానికి మాత్రం తెరలో పావు వంతు ఇచ్చారు. ఈ అంకెలు కుదించినవి అని రెండు పదాలు రాయడానికే చోటు చాల్లేదు.

*మా వదిన నూడుల్స్ బండి నడుపుతోంది. ప్లేటు 40 ఉన్నప్పుడు రోజుకి 120 పోయేవి, 50కి 100, 60 చేసి చూస్తే 80. ప్లేటుకి ఖర్చు 20. అమ్మకం షీట్‌లో వేస్తే 50 దగ్గర గరిష్ఠం అంటోంది. 50కే ఉంచాలా? (జగదాంబ సెంటర్)*

షీట్‌కి మీరు వేసినది అమ్మకం, వదినకి కావాల్సింది మిగులు. ప్లేటుకి ఖర్చు 20 అని మీరే రాశారు. ధర 10 పెరిగినప్పుడల్లా 20 ప్లేట్లు తగ్గుతున్నాయి, అంటే ప్లేట్లు = 200 − 2 × ధర. అమ్మకం = ధర × (200 − 2 × ధర), దాని శీర్షం 50 దగ్గరే, రోజుకి 5,000. మిగులు మాత్రం = (ధర − 20) × (200 − 2 × ధర). ఇది 20 దగ్గరా 100 దగ్గరా సున్నా అవుతుంది, శీర్షం ఆ రెంటికీ మధ్యన, 60 దగ్గర. 50కి అమ్మితే 3,000 మిగులుతుంది, 60కి 3,200. 60 దాటాక మీ దగ్గర అంకెల్లేవు, అక్కడ గీత చెప్పేది నమ్మొద్దు.

అయినా నేను 60 అనను. 55కి 90 ప్లేట్లు పోతే 3,150 వస్తుంది. శీర్షం దగ్గర పరావలయం దాదాపు చదునుగా ఉంటుంది కదా, ఆ చివరి 50 రూపాయల కోసం రోజూ పది ప్లేట్ల గిరాకీ పక్క బండికి పోతుంది. వాళ్లు మళ్లీ రారు, అది ఏ షీట్‌లోనూ ఉండదు. చిల్లర గోల క్యూఆర్ వచ్చాక ఎలాగూ లేదు. వదినని వారం రోజులు 55 పెట్టి చూడమనండి, ప్లేట్ల లెక్క నాకు పంపండి.