షుగరు, బీపీ, గుండెకు స్టెంటు ఉన్నవారికి కిడ్నీ కూడా తగ్గితే మందులూ తిండీ ఎలా సర్దుకోవాలి?

పెరంబూరు నుంచి అడిగినవారికి. మీ నాన్నగారికి 64 ఏళ్లు, చాలా ఏళ్లుగా షుగరు, బీపీ, గుండెలో స్టెంటు, ఇప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్త పరీక్షలో తెలుస్తుంది) 1.9. ముగ్గురు డాక్టర్లు మూడు చీటీలు రాశారు, ఎవరి మాట వినాలని మీ ప్రశ్న. ఇన్ని జబ్బులు ఒకేసారి ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను. ముగ్గురూ ఎవరికి వాళ్లు సరైన మందే రాసి ఉండొచ్చు. చెడేది ఒక చీటీకీ ఇంకో చీటీకీ మధ్య. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే డాక్టరు ఒకరు ఉండాలి. ఈ దశలో ఆ పని నెఫ్రాలజిస్టుదే, అంటే కిడ్నీ డాక్టరుదే. మిగతా ఇద్దరూ ఏం మార్చినా ఆయనకు తెలియాలి.

ముందు క్రియాటినిన్ కంటే ఈజీఎఫ్ఆర్ చూడండి, అంటే కిడ్నీ నిమిషానికి ఎంత వడపోస్తోందో చెప్పే అంచనా అంకె. 64 ఏళ్ల మగవారికి 1.9 అంటే ఈజీఎఫ్ఆర్ దాదాపు 39, అంటే కిడ్నీ జబ్బు అయిదు దశల్లో 3బి దశ. అదే వయసు ఆడవారికి అదే 1.9 వస్తే 29, నాలుగో దశ. మందుల మోతాదులు చాలావరకు ఈ అంకె మీదే నడుస్తాయి. మూడు నెలలు దాటాక మళ్లీ చూసినా తక్కువే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బని ఖాయం చేస్తారు. దీంతోపాటు పొద్దున్నే మొదటి మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రోటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి. 30 లోపు మామూలు, 300 దాటితే ప్రోటీన్ బాగా పోతున్నట్టు. జ్వరమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు ఈ పరీక్షకు ఇవ్వకండి, లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. క్రియాటినిన్‌కు రక్తం ఇచ్చే ముందు రాత్రి మటన్ కూడా వద్దు.

తర్వాత ఒక కాగితం మీద అన్ని మాత్రలూ రాయండి. బ్రాండు పేరు చాలదు, స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు రాయాలి. షుగరు మాత్రల్లో చాలావాటిలో మెట్‌ఫార్మిన్ కలిసే ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు రెండు వేర్వేరు బ్రాండ్లు రాస్తే రోజుకు 2000 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లిపోతుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈజీఎఫ్ఆర్ 45 కిందికి వస్తే మెట్‌ఫార్మిన్ రోజంతా కలిపి 1000 దాటకూడదు, 30 కిందికి వస్తే ఆపేయాలి. మీ నాన్నగారు ఇప్పుడు సగం మోతాదు వరసలో ఉన్నారు. యాంజియోగ్రామ్‌కో, మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌కో వెళ్లేటప్పుడు ఈజీఎఫ్ఆర్ అంకె ముందే చెప్పి, మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి.

షుగరు ఉన్నట్టుండి తగ్గిపోతుంటే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. దయచేసి అక్కడ ఆగి ఆలోచించండి. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీకి పెద్ద వాటా ఉంది. కిడ్నీ నీరసిస్తే అదే 20 యూనిట్లు ఎక్కువసేపు పనిచేస్తాయి, తెల్లవారుజామున లో షుగరు వస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్ర ఈ దశలో వద్దే వద్దు. అదే కోవకు చెందిన గ్లిమెపిరైడ్ వాడుతుంటే మోతాదు తగ్గించాలేమో అడగండి. లో షుగరు వస్తే కమలా రసం, అరటిపండు ఇవ్వకండి, రెండిట్లోనూ పొటాషియం ఉంది, కిడ్నీ తగ్గితే అది ఒంట్లో పేరుకుంటుంది. మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ గ్లూకోమీటరుతో చూడండి. ఇంకో సంగతి, రక్తహీనత ఉన్నవాళ్లకు, రక్తం పెరగడానికి ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) అంకె నమ్మకంగా ఉండదు. ఇంటి గ్లూకోమీటరు రీడింగులు రాసి చూపించండి.

బీపీ మందు టెల్మిసార్టన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ 1.9 నుంచి 2.2 అయిందని మానేశామన్నారు. నా మాటగా కాకుండా డాక్టరును అడిగి ఖాయం చేసుకోండి గానీ, ఇది చాలా ఇళ్లలో జరిగే నష్టం. ఈ రకం మందులు కిడ్నీ జల్లెడలో ఒత్తిడి తగ్గిస్తాయి కాబట్టి మొదట్లో క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే. నాలుగు వారాల్లో 30 శాతం లోపు పెరుగుదలను, పొటాషియం అదుపులో ఉంటే, ఒప్పుకుంటారు. మీ లెక్కలో అది సుమారు 2.4 వరకు. అంతకు మించితే ఒళ్లు ఎండిపోయిందా, నొప్పి మాత్ర ఏదైనా వేశారా అని చూస్తారు. గుండె జబ్బు ఉన్నవారిలో కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడిందా అన్నది కూడా చూడాలి. షుగరు మందులైన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రోజుకు 10 మిల్లీగ్రాములు కూడా మొదట్లో ఇలాగే చేస్తాయి. తర్వాత కిడ్నీనీ గుండెనీ రెండింటినీ కాపాడతాయి. ఈజీఎఫ్ఆర్ 20 వరకు మొదలుపెట్టవచ్చు. చీటీలో ఇది లేకపోతే ఎందుకు లేదో అడగడం మీ హక్కు. జనరిక్ రకాలు ఉన్నాయి, జనఔషధి దుకాణంలో ధర కనుక్కోండి.

ఇక నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఈ ఇంటి గడప దాటకూడదు. టెల్మిసార్టన్ కిడ్నీలోంచి రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది, నొప్పి మాత్ర లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తుంది, నీరు పోయే మాత్ర రక్తంలో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే రెండు మూడు రోజుల్లోనే క్రియాటినిన్ ఎగబాకుతుంది. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు, పరిమితి డాక్టరు చెబుతారు. అయితే స్టెంటు కోసం ఇచ్చిన ఆస్ప్రిన్ 75ను ఈ లెక్కలో వేసి ఎవరూ మానకండి. అది ఆపితే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. నాటు మందుల కొట్లో దొరికే భస్మాల్లో పాదరసం, సీసం ఉండొచ్చు. రాళ్లకని తాగే కొండపిండాకు కషాయం ఈ జబ్బుకు వైద్యం కాదు.

చెన్నై కత్తిరి ఎండల్లో వాంతులు, విరేచనాలు, తిండి దిగని జ్వరం వస్తే ఏ మాత్రలు ఆపాలో ఇప్పుడే డాక్టరు చేత రాయించి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మామూలుగా ఆపమనేవి టెల్మిసార్టన్, నీటి మాత్ర, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్. తిండీ నీళ్లూ మామూలుగా పడ్డాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలుపెడతారు. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా ఆపకూడదు. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవారికి షుగరు 200 ఉన్నా కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరగవచ్చు. వాంతులతో పాటు ఆయాసం కనిపిస్తే మీటరు అంకె చూసి ఊరుకోవద్దు. ఆపరేషన్ ఉంటే డాపాగ్లిఫ్లోజిన్ మూడు రోజుల ముందే ఆపాలి.

తిండి దగ్గరే ముగ్గురు డాక్టర్ల మాటలు ఎదురుబొదురు అవుతాయి. షుగరుకు ఆకుకూరలు, పప్పులు తినమంటారు, గుండెకు ఉప్పు తగ్గించమంటారు, కిడ్నీకి పొటాషియం వద్దంటారు. తీర్పు చెప్పేది రక్తంలో పొటాషియం అంకె. 5 లోపు నిలకడగా ఉంటే కూరలు, పండ్లు అనవసరంగా కట్టడి చేయకండి. 5.5 దాటితే కొబ్బరి నీళ్లు, అరటి, సపోటా, టమాటా, పాలకూర, మునగాకు పక్కన పెట్టి, బీర, సొర, పొట్ల, దోసకాయ వైపు వెళ్లండి. కూర ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. సాంబారు, పులుసులో ముక్క నుంచి దిగిన పొటాషియం ఆ రసంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ కిటుకు పనిచేయదు. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, గుండెకు మంచిదని ఎవరైనా తెచ్చిస్తే వాడకండి. మామూలు ఉప్పే రోజుకు 5 గ్రాములు, అంటే చదునుగా ఒక టీస్పూను, అందులోనే ఆవకాయ, అప్పడం, వడియం, హోటల్ సాంబారు అన్నీ. ప్రోటీన్ కిలో బరువుకు 0.8 గ్రాములు, 60 కిలోల మనిషికి 48. పప్పు పూర్తిగా మానేసి చిక్కిపోవడమూ తప్పే.

పొటాషియం ఒక్కసారిగా 6 అని వస్తే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి, ఆయన చెప్పిన వెంటనే ల్యాబ్‌కే వెళ్లి మళ్లీ ఇవ్వండి. ఇంటికొచ్చి తీసుకెళ్లిన నమూనా గంటల తరబడి సంచిలో ఉంటే రక్తకణాలు పగిలి అంకె పెరిగిపోతుంది. పిడికిలి పదేపదే బిగించినా అంతే.

"కిడ్నీ కదా, నీళ్లు బాగా తాగించండి" అన్న సలహా గుండె పంపింగు తగ్గినవారికి ముప్పు. ఎన్ని తాగాలో కార్డియాలజిస్టు, నెఫ్రాలజిస్టు కలిసి చెప్పాలి. రోజూ పొద్దున బాత్రూంకు వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. బీపీ అయిదు నిమిషాలు కూర్చున్నాక చూడండి, లేచి నిలబడ్డాక కూడా ఒకసారి చూడండి. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారికి నిలబడగానే పడిపోతుంటుంది. 130/80 లోపు రావాలని మందులు పెంచేముందు డాక్టరుకు ఈ రెండో అంకె తెలియాలి.

ఖర్చు భారమైతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో, స్టాన్లీలో నెఫ్రాలజీ విభాగాలున్నాయి. పాత రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి, క్రియాటినిన్ ఏ నెలలో ఎంత ఉందో చూస్తేనే జబ్బు వేగం వాళ్లకు తెలుస్తుంది.

ఇప్పటినుంచే రెండు పనులు చేయండి. హెపటైటిస్ బి టీకా గురించి అడగండి, కిడ్నీ బాగా తగ్గాక అది సరిగా పట్టదు. కుడిచేతి వాటమైతే ఎడమచేతి మోచేయి, ముంజేయి నరాల్లో సూదులు పొడవనివ్వకండి. రక్తం కుడిచేతి వెనక నుంచి తీయమనండి. రేపు డయాలిసిస్‌కు ఫిస్టులా (చేతిలో రెండు రక్తనాళాలను కలిపి చేసే దారి) వేయాల్సి వస్తే ఆ నరాలే కావాలి, అది పక్వానికి రావడానికే ఆరు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది.