అడిగారు, చెబుతున్నా: పాపకు గజ్జెలు ఎప్పుడు కట్టాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా పాపకు ఎనిమిదేళ్ళు, ఏడాదిగా ఒడిస్సీ నేర్చుకుంటోంది. గజ్జెల మాటెత్తితే గురుమా "ఇప్పుడే వద్దు" అంటారు. మా అత్తగారేమో దసరాకి గజ్జె పూజ చేసేసి చుట్టాలను పిలుద్దామంటారు. వీటికి అంత ప్రాముఖ్యం ఎందుకు? వంద కట్టాలా, యాభై చాలా?

జవాబు: గురుమా మాటే నా మాటానూ. బరంపురంలో నేను డాన్సు నేర్పినన్నాళ్ళూ తల్లులతో ఇదే పేచీ. గజ్జెలు పట్టీల్లాంటి నగ కాదమ్మా, వాయిద్యం. చౌకలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి నిలిచే ఒడిస్సీ భంగిమలో, నిలబడి అడుగు వేసినప్పుడు పాదం మొత్తం ఒకేసారి నేలకు తగిలితే గజ్జెలన్నీ కలిసి ఘల్లుమంటాయి. మడమ కాస్త వెనకబడిందా, మోత చెదిరిపోతుంది. చూసేవాళ్ళ కంటికి ఆనని తప్పు పక్కన మర్దలం (ఒడిస్సీకి వాయించే మద్దెల) వాయించేవాడి చెవికి దొరికిపోతుంది. అడుగు కుదరకముందే కడితే పిల్ల ఆ మోత సరదాకి నేలను బాదడం మొదలెడుతుంది. మోకాళ్ళ నొప్పి ఉచితం.

మోగించడం సగం విద్యే. మోగకుండా నడవడం మిగతా సగం, అదే కష్టం. జయదేవుడి అష్టపదుల్లో ఒకచోట చెలికత్తె రాధతో అంటుంది: గలగలమనే ఆ అందెలు తీసెయ్, అవి శత్రువుల్లా గుట్టు బయటపెడతాయి, నల్లచీర కప్పుకుని చీకటి పొదరింటికి పద అని. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఈ చరణం అభినయించాలి! అక్కడ ఒక్క గజ్జె ఘల్లుమన్నా రాధ దొరికిపోయినట్టే. మీ పాపకు ఇప్పుడే ఈ గొడవ వద్దులెండి, గురుమా దేనికి ఆగమంటున్నారో తెలియాలని చెప్పాను.

ఇక లెక్క. గజ్జెలు కంచువై ఉండాలని, నీలి దారంతో కట్టి రెండేసి గజ్జెల మధ్య ముడి వేయాలని, కాలికి వంద గాని రెండు వందలు గాని ఉండాలని నాట్యం మీద పాత సంస్కృత గ్రంథం అభినయదర్పణం చెబుతుంది. వాటికి అధిదేవతలు నక్షత్రాలట. ముడి మాత్రం అలంకారానికి కాదు, గజ్జెలు ఒకచోటికి జారి ఒకదాన్నొకటి నొక్కేస్తే మోత చస్తుంది. ఆ లెక్క పెద్దవాళ్ళకి. సైజును బట్టి వంద గజ్జెల బరువు కిలో దాటొచ్చు, పిల్ల కాలికి అదేం న్యాయం? యాభై చాలు, తక్కువైనా తప్పులేదు. కొనేటప్పుడు విడివిడిగా చెవి దగ్గర ఆడించి చూడండి, బొంగురుగా పలికేవి పక్కన పెట్టించండి. చెమట పట్టాక పొడిగుడ్డతో తుడవాలి. మెరుపు కోసం చింతపండు నీళ్ళలో నానబెట్టకండి, లోపలి ఇనప గుండు తుప్పు పడుతుంది.

గజ్జె పూజ చేయండి, కాదనను. గజ్జెలు జగన్నాథుడి పటం ముందు పెట్టి, గురువు చేత్తో ఇప్పించుకుని, కళ్ళకద్దుకుని కట్టుకోవడం మంచి పద్ధతి. ఒకప్పుడు పరువుగల ఇంటి ఆడపిల్ల గజ్జె కడితే వీధంతా చెవులు కొరుక్కునేది. ఈరోజు అత్తగారే ముందుండి కట్టిద్దామంటున్నారంటే నాకు ముచ్చటగానే ఉంది. తేదీ మాత్రం గురుమా చెప్పాలి, పంచాంగమూ కాదు, ఫంక్షన్ హాలు ఖాళీ కూడా కాదు.

ప్రశ్న: రాయగడ నుంచి. మా అబ్బాయి డాన్సు నేర్చుకుంటానంటున్నాడు. మగపిల్లాడికి గజ్జెలేంటని వాళ్ళ నాన్న.

జవాబు: ఒడిస్సీకి పేరు తెచ్చిన కేలుచరణ్ మహాపాత్ర రఘురాజ్‌పూర్‌లో గోటిపువా పిల్లాడిగా మొదలుపెట్టినవారే. గోటిపువా అంటేనే ఆడవేషం కట్టి ఆడే మగపిల్లలు. అంతదూరం ఎందుకు, పక్కనే శ్రీకాకుళం జిల్లాలో తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యం ఆడే మగాళ్ళ కాళ్ళకు ఉండేవేమిటో వాళ్ళ నాన్ననే చూసి రమ్మనండి.