వ్యంగ్యమా, వెటకారమా, ‘ఐరనీ’యా?

సందేహం: నేను బీఈడీ చదువుతున్నాను. గురజాడ ‘దిద్దుబాటు’ కథలో ఐరనీని (పైకి కనిపించేది ఒకటి, అసలు సంగతి ఇంకొకటిగా ఉండే తీరును) విశ్లేషించమని అసైన్‌మెంట్ ఇచ్చారు. ‘దిద్దుబాటు కథలో వ్యంగం’ అని పేరు పెట్టి రాశాను. తెలుగు పండితుడిగా రిటైరైన మా తాతగారు చూసి ‘వ్యంగ్యమంటే ధ్వని, నువ్వు రాసింది ఇంకేదో’ అన్నారు. నిఘంటువు తిరగేస్తే వ్యాజస్తుతి, వక్రోక్తి, విధివైపరీత్యం అని తలో మాటా కనిపించాయి. ఏది వాడాలి? చివర్లో మంచం కింద వినిపించే నవ్వు ఐరనీ అవుతుందా, కాదా? దీని మీద మా హాస్టల్లో పెద్ద గొడవే అయింది. – ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: తాతగారు తప్పు చెప్పలేదు. అలాగని మీరూ పూర్తిగా తప్పు రాయలేదు. వ్యంగ్యం అనే మాటకు పుట్టింట్లో ఒక అర్థం, మెట్టినింట్లో ఇంకో అర్థం.

పుట్టిల్లు అలంకారశాస్త్రం. అక్కడ మాటకు మూడు అర్థాలు చెప్తారు: నేరుగా తెలిసేది వాచ్యం, నేరు అర్థం పొసగనప్పుడు తీసుకునేది లక్ష్యం, మూడోది వ్యంగ్యం. వ్యంజన అనే శక్తి వల్ల, పైకి అనకుండానే స్ఫురించేది వ్యంగ్యం, అంటే ధ్వని. ‘పొద్దుగుంకింది’ అన్న మాట శాస్త్రగ్రంథాల్లో పాత ఉదాహరణ. పశువుల కాపరికి అది ‘మందను ఇంటికి తోలు’ అని వినిపిస్తుంది, సంధ్య వార్చేవాడికి ‘వేళైంది, లే’ అని, దొంగకు ‘ఇక బయల్దేరు’ అని. ఇందులో ఎక్కడా వెక్కిరింత లేదు, అయినా అదంతా వ్యంగ్యమే. తాతగారు అన్నది ఇది.

మెట్టినిల్లు పత్రికలు, మన రోజువారీ మాటలు. వ్యంగ్య చిత్రం, వ్యంగ్య రచన, ‘వ్యంగ్యంగా మాట్లాడకు’ అన్నప్పుడల్లా మనకు తోచేది ఎత్తిపొడుపే. ఈ అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది, దాన్ని తప్పనడం చాదస్తం. చిక్కల్లా విశ్లేషణ రాసేటప్పుడు వస్తుంది. ఒకే పేరాలో ఓసారి ధ్వని అనే అర్థంలో, ఇంకోసారి వెటకారం అనే అర్థంలో వాడితే దిద్దేవాళ్లకు మీరేమంటున్నారో అంతుపట్టదు. మీ అసైన్‌మెంట్‌లో జరిగింది అదేనని అనుమానం.

మాట్లాడేవాడు పైకి ఒకటి అని, దానికి సరిగ్గా తిరగేసిన అర్థం మనసులో పెట్టుకుంటే శాస్త్రం దాన్ని విపరీత లక్షణ అంది. మమ్మటుడి సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం కావ్యప్రకాశంలో దీనికి ఒక శ్లోకం ఉంది. అపకారం చేసినవాడితో ఒకడు ‘ఎంత ఉపకారం చేశావు, ఏమని చెప్పను, మంచితనమంటే నీదే, ఎప్పుడూ ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు మిత్రమా’ అంటాడు. పాలు పొంగబెట్టిన కోడలితో మన అత్తగారు ‘ఉద్ధరించావులే’ అనడమూ ఇదే. ఆ చివరి ‘లే’ని గమనించండి. నోటితో అన్నప్పుడు గొంతులోని కాకువు, అంటే విరుపు, పట్టిచ్చేస్తుంది. కాగితం మీద గొంతు ఉండదు గనక ఇలాంటి చిన్న ముక్కలే ఆ పని చేయాలి. ‘మహా’, ‘పాపం’, ‘అట’ ఆ కోవలోవే. ‘ఆయనగారికి తీరిక లేదట పాపం’ అన్న వాక్యంలో మూడు ముళ్లున్నాయి.

వాడగా వాడగా అసలు అర్థం అరిగిపోయి ఎత్తిపొడుపే మిగిలిన మాటలూ మనకున్నాయి. నిర్వాకం చూడండి. నిర్వహించడానికి చుట్టమైన ఈ మాటను ఇప్పుడు మెచ్చుకోలుగా ఎవరంటారు? ‘నీ నిర్వాకం తెలిసింది’ అంటే తిట్టే. వెలగబెట్టడం కూడా అంతే. ‘ఏం వెలగబెట్టావు?’ అని అడిగితే వెలుగు గురించి అడుగుతున్నారని ఎవరూ అనుకోరు.

మీ నిఘంటువు మాటల సంగతి. పొగడ్తలో నింద, నిందలో పొగడ్త పెడితే వ్యాజస్తుతి. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర విష్ణువుతో అంటాడు: భారమంతా మోసేవాడివన్న పేరు నీ భార్య భూదేవి తెచ్చింది, కోరినవి ఇస్తావన్న ఘనత లక్ష్మి తెచ్చింది, పతితపావనుడివన్న పేరు కూతురు గంగ వల్ల వచ్చింది, నువ్వు మాత్రం మొదటినుంచీ దామోదరుడివే. దామోదరుడంటే కడుపుకు తాడు కట్టించుకున్నవాడు. తిట్టినట్టే తిట్టి భక్తి చాటడం ఇది. ముచ్చటైన అలంకారమే కానీ, మీ కథంతటికీ ఆ పేరు సరిపోదు. వక్రోక్తి అలంకారంలో ఎదుటివాడి మాటను శ్లేషతోనో కాకువుతోనో ఇంకో అర్థంలోకి లాగుతారు, ఇక్కడ దానితో పని లేదు. విధివైపరీత్యం అసలే వద్దు. కథానాయకుడు గోపాలరావు నెత్తిన పడింది విధి కాదు, తను చేసుకున్నదే.

ఇక కథలోకి వద్దాం. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చింది. (తొలి తెలుగు కథ ఇదా, భండారు అచ్చమాంబ కథలా అన్నది వేరే చర్చ, ఇప్పుడు తవ్వను.) రాత్రి ఒంటిగంటకు గోపాలరావు ఇంటికి చేరతాడు. సభలనీ లోకహితమనీ భార్యకు చెప్పి పోతున్నది సాని పాట వినడానికి. పైగా ఒకప్పుడు అతను ‘యాంటీనాచ్’ మనిషి, అంటే సానిమేళాలు కూడదన్నవాడు. శ్రీరంగనీతులు అన్న సామెత ఇతని కోసమే పుట్టిందా అనిపిస్తుంది. (ఆ సామెత రెండో సగం ఒక కులాన్ని కించపరుస్తుంది, అందుకే పూర్తిగా రాయను.) ఇంట్లో భార్య కమలిని లేదు, బల్ల మీద ఆమె ఉత్తరం ఉంది. నౌకరు రాముణ్ని నిద్ర లేపుతాడు. పశ్చాత్తాపపడి ఆమెను తీసుకురమ్మంటూ రాముడికి మాటలు నేర్పుతుండగా మంచం కింద నవ్వు, గాజుల చప్పుడు.

ఉత్తరం ‘అయ్యా!’ అని మొదలవుతుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ అయిందని గోపాలరావే గుండె పట్టుకుంటాడు. తెలుగిళ్లలో కోపం పెరిగితే మర్యాద పెరుగుతుంది. ‘ఏమండీ’ కాస్తా ‘తమరు’ అయిందంటే ఆ పూట అన్నం చల్లారినట్టే. మీ దారికి అడ్డు తొలగుతున్నాను, సంతోషించండి అని రాసిందే, అది అచ్చమైన విపరీత లక్షణ. దీన్ని ఎత్తిపొడుపు అనండి, నిశ్చింతగా.

రాముడి మాట మాత్రం ఎత్తిపొడుపు కాదు. ఆడదానికి చదువొస్తే ఉన్న మతి పోతుందని అతను మనస్ఫూర్తిగానే అంటాడు. వ్యంగ్యం రాముడిది కాదు, గురజాడది. ఆ మాటకు మండిపడి గోపాలరావు విద్య నేర్చిన స్త్రీ గొప్పతనం మీద ఉపన్యాసం మొదలుపెడతాడు. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడంటాడు, ఇంగ్లీషువాడి ‘బెటర్ హాఫ్’ను తెస్తాడు. అర్ధరాత్రి ఇల్లు విడిచిందనుకుంటున్న భార్య గురించి, ఆమెతో పది రోజులుగా అబద్ధాలాడినవాడు, ఆ మాటలు బోధపడని నౌకరుకు చెప్తున్నాడు! అతను అన్న ప్రతి మాటా నిజమే. అన్నవాడూ అన్న వేళా పొసగకపోవడంలో ఉంది ఇక్కడి చమత్కారం. మార్కులు ఎక్కువ రావాల్సింది ఈ చోటే, మీరు రెండు లైన్లలో దాటేసి ఉంటారని నా భయం.

ఇప్పుడు హాస్టల్ గొడవ. పాత్రకు తెలియనిది చదివేవాడికి తెలిస్తే దాన్ని నాటకీయ వ్యంగ్యం అంటున్నారు. మంచం కింద కమలిని ఉందని గోపాలరావుకు తెలియదు. మనకు తెలుసా? మొదటిసారి చదివినప్పుడు మనకూ తెలియదు. అతనితో పాటే మనమూ ఉలిక్కిపడతాం. అంచేత మొదటి చదువులో అది కొసమెరుపు, అంతే. రెండోసారి చదవండి. ఆమె అక్కడే ఉందని మీకు ముందే తెలుసు. పంతులికి (అంటే తనకే) బుద్ధి వచ్చిందని చెప్పమంటూ అతను రాముడికి పాఠం చెప్తుంటే, ఆ పాఠం చేరాల్సినచోటికి అప్పటికే చేరిపోతోందని మీరు నవ్వుకుంటారు. అదే సంభాషణ ఈసారి నాటకీయ వ్యంగ్యం అయింది. గొడవపడ్డ ఇద్దరూ గెలిచినట్టే, కాకపోతే ఒకరు కథను రెండుసార్లు చదివారు.

కథ పేరునూ వదలకండి. దిద్దడం బడి మాట: పలక మీద అక్షరాలు దిద్దిస్తాం, పంతులు తప్పులు దిద్దుతాడు. లోకాన్ని దిద్దబోయినవాణ్ని ఇంట్లోనే, ఒక ఉత్తరంతో దిద్దారు.

కాబట్టి శీర్షికలో వ్యంగ్యం అనే ఉంచండి. మొదటి పేరాలో ఏ అర్థంలో వాడుతున్నారో ఒక వాక్యంలో చెప్పేయండి. లోపల మాత్రం ఎక్కడిది ఎత్తిపొడుపో, ఎక్కడ మాటకూ మనిషికీ పొత్తు కుదరలేదో విడివిడిగా చూపండి. ‘ఐరనీ’ అని తెలుగు లిపిలో రాసినా నాకు అభ్యంతరం లేదు, తాతగారికి ఉండొచ్చు.

ఇంకొకటి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. మీ శీర్షికలో ‘వ్యంగం’ అని ఉంది. వ్యంగం అంటే అంగం లోపించినది, అవిటిది. మీక్కావలసింది ‘వ్యంగ్యం’. గ కింద ఆ యవత్తు పెట్టి మరీ ఇవ్వండి.