షాపువాళ్లు ‘కలుస్తుంది’ అన్న ఆంప్లిఫయర్ కలవలేదు

ప్రశ్న: మా హోమ్ థియేటర్‌లో సౌండ్ పెంచితే డైలాగులు బొంగురుపోతున్నాయి. ఏవీ రిసీవర్‌కి (టీవీ, స్పీకర్లు తగిలించే పెట్టె) విడిగా పవర్ ఆంప్లిఫయర్ తగిలిస్తే బాగుంటుందని షాపువాళ్లు చెప్పారు. రిసీవర్ మోడల్ నంబర్ వాట్సాప్‌లో పంపి అడిగితే ‘కలుస్తుంది సార్’ అన్నారు. తీరా తెచ్చాక చూస్తే, మా రిసీవర్ వెనక సబ్‌వూఫర్‌కి తప్ప ప్రీ అవుట్‌లే (విడి ఆంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) లేవు. వాపసు తీసుకోమంటే ‘ఆంప్లిఫయర్ బాగానే ఉంది, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. పది రోజులైంది. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే లోపమున్న వస్తువు అంటగట్టారని మాత్రం రాయకండి. ఆంప్లిఫయర్ నిజంగానే బాగుంది. వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపితే రిపోర్టు షాపువాళ్లకే అనుకూలంగా వస్తుంది. మీ బలమంతా ‘కలుస్తుంది సార్’ అన్న ఆ మెసేజ్‌లోనే ఉంది.

కొనేవారు తమ అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవారి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి పనికిరావాలి. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 చెప్పేది ఇదే. అందులోనే ఒక మెలిక ఉంది: ఫలానా కంపెనీ సరుకే కావాలని పేరు పెట్టి కొంటే ఈ రక్షణ ఉండదు. అవతలి లాయరు పట్టుకునేది దీన్నే. ‘ఆ మోడల్ ఇవ్వండి’ అని అడిగారా, ‘నా రిసీవర్‌కి ఏది సరిపోతుంది’ అని అడిగారా? చాట్ ఒకసారి చూసుకోండి. రెండోదైతే దిగుల్లేదు. మొదటిదైనా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. సరుకు ఉపయోగం గురించి తప్పుదోవ పట్టించే మాట చెప్పడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు అడుగున అచ్చేసిన వాక్యంతో ఆ బాధ్యత తప్పిపోదు.

ఇప్పుడు తొందరపడాల్సింది ఒక్క విషయంలోనే. సరుకు వద్దని చెప్పకుండా ఇంట్లో ఉంచుకుంటే, కొంతకాలానికి మీరు ఒప్పుకున్నట్టే లెక్క (వస్తు విక్రయ చట్టం, సెక్షన్ 42). ఫోన్లో గొడవపడ్డది రుజువు చేయడం కష్టం. ‘ఇది నాకు వద్దు’ అని ఈ రోజే ఈమెయిల్ పెట్టి, అదే మాట నోటీసుగా స్పీడ్ పోస్టులో (రిజిస్ట్రేషన్‌తో) కూడా పంపండి. మోసుకెళ్లి షాపులో దించాల్సిన పనిలేదు, తెలియజేస్తే చాలు. ఈలోగా రిసీవర్ స్పీకర్ వైర్లని తెచ్చి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో గుచ్చే ప్రయోగాలు వద్దు. ఏదైనా కాలిందంటే కేసు కూడా దాంతోపాటే కాలిపోతుంది.

చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదని వాదించేవాళ్లుంటారు.

నోటీసుకి జవాబు రాకపోతే మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. లాయరు తప్పనిసరి కాదు (లాయరునై ఉండి నా నోటితో నేనే చెబుతున్నాను). దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి.

మీ అసలు సమస్య డైలాగులు. ఆ ఆంప్లిఫయర్ మీకు నచ్చితే, ప్రీ అవుట్ ఉన్న రిసీవర్‌ని తగ్గింపు ధరకి ఇమ్మని నోటీసులోనే రెండో కోరికగా రాయండి. డబ్బు వాపసు ఇవ్వడానికి మొండికేసే షాపువాళ్లు దీనికి తలూపే అవకాశం ఎక్కువ.